వ్యవసాయ ఇంజనీరు ఎవరివాడు?

ఇంజనీరు అనగానే మన పెద్దల మనస్సులలో వంతెనయో, ఆనకట్టయో, మిల్లు పొగగొట్టమో మెదలుచుండిన కాలము గడచినది. నేడు మెదలునది కంప్యూటరు. ఆ కాలమునను ఈ కాలమునను ఎవరి మనస్సునను మెదలనివాడు వ్యవసాయ ఇంజనీరు. మన యిండ్లలో ఒక పిల్లవాడో పిల్లయో ఆ చదువు చదివెదనన్నచో తాతగారు మొదట నవ్వుదురు. పిదప “దున్నడానికి గూడా డిగ్రీ కావాలా?” అని యడుగుదురు. ఆ ప్రశ్నలో ఎగతాళి కొంత యున్నను, తరతరములుగా నల్లరేగడిలో బ్రతికినవారి యనుభవము కూడ నున్నది గనుక దానిని తేలికగా త్రోసివేయరాదు. అయినను ఆ యుద్యోగమునకు జీతమెంత, గౌరవమెంత యను లెక్కలు మేమిచ్చట వేయబోము. ఆ వృత్తి నడుమ ఒక ధర్మసందేహము గలదు. కోయంబత్తూరు తెలుగువారమైన మనకు అది పరాయి సందేహము కాదు. మన బావులలోనే పుట్టినది, మన చేతులమీదుగానే పెరిగినది. దానిని గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

మన దేశమున ఈ చదువునకు వయస్సు పెద్దది కాదు. 1942లో అలహాబాదు వ్యవసాయ విద్యాలయమున మేసన్ వా అను అమెరికను ఆచార్యుని పూనికచే ఇది మొదటిసారి పట్టపు చదువైనది. ఖరగ్‌పూరు ఐ.ఐ.టి.లో 1952లోను, మన కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమున 1972లోను, బాపట్లలో 1983లోను ఇందుకు ప్రత్యేక శాఖలో కళాశాలలో ఏర్పడినవి. వానిలో నేర్పునదేమి? నేల కోసుకొనిపోకుండ గట్టు ఎచ్చట వేయవలెను, కురిసిన వానలో ఎంత భాగము ఇంకును, ఎంత భాగము పారిపోవును, నాగటి కర్రు ఏ కోణమున మట్టిని చీల్చినచో లాగెడి బరువు తగ్గును, ధాన్యము ఎంత తేమతో గాదెకెక్కినచో బూజు పట్టకుండును—ఇవి వారి ప్రశ్నలు. తాతగారికి ఇవన్నియు తెలిసినవే. అయితే తాతగారికి తెలిసినది తమ చేను. ఇంజనీరు నేర్చునది కొలత. కొలత యనునది చేను గట్టు దాటి పోవును. చిక్కంతయు అక్కడనే ప్రారంభమగును.

మన కొంగునాడు పడమటి కనుమల చాటున నున్న నేల. నైరుతి ఋతుపవనము కొండలపై కురిసి, మైదానమునకు గాలిని మాత్రమే పంపును. ఏటికి 700 మిల్లీమీటర్లకు అటునిటుగా పడు వానతో, నొయ్యలు ఏటి చెరువుల గొలుసుతో, బావితో ఇచ్చటి సేద్యము సాగినది. విజయనగర కాలమునను నాయకరాజుల కాలమునను ఉత్తరమునుండి వచ్చిన మన పూర్వులు ఈ గడ్డపై నిలదొక్కుకొన్నది బావిని నమ్మియే. మనము కపిల యనియు మోట యనియు చెప్పుకొనెడి దానిని ఇరుగుపొరుగు తమిళులు కవలై యందురు. ఎడ్లు ఏటవాలు త్రోవలో క్రిందికి దిగునపుడు తోలుసంచి పైకి వచ్చి తొట్టిలో కుమ్మరించును. అవి వెనుకకు నడచునపుడు సంచి మరల నీటిలో మునుగును. తెల్లవారక ముందే మోట పాట ఎత్తుకొని, ఎండ ముదిరినదాక తోలినను తడియునది కొద్ది నేల మాత్రమే.

ఆ యేర్పాటులో ఒక గుణమున్నది. దానిని ఎవరును ఉద్దేశించి పెట్టలేదు. ఎద్దు అలసినపుడు తోడుట ఆగును. ఎద్దు మేయునంత సేపు, నిద్రించునంత సేపు బావి ఊరును. తోడువాని శక్తికిని ఊటకును నడుమ పొత్తు తప్పకుండ చూచినది ఆ ఎద్దు అలసటయే. అట్లని అది స్వర్ణయుగమని మేము చెప్పము. ఎద్దు అలసటతోబాటు మనిషి అలసటయు ఉండెను. 1876-78 నాటి కరవులో మద్రాసు రాజధాని పల్లెలు ఎట్లు ఎండినవో చరిత్ర చెప్పుచునే యున్నది. మోట తోలి ఎరుగనివారు మోటను పొగడుట మర్యాద కాదు.

1932లో నీలగిరులలోని పైకారా జలవిద్యుత్తు పుట్టినది. ఆ తీగలు క్రమముగా కోయంబత్తూరు మిల్లులకును, పిదప పొలములకును వచ్చినవి. 1937లో జి.డి. నాయుడుగారును డి. బాలసుందరం నాయుడుగారును ఈ ఊరిలోనే దేశీయ విద్యుత్ మోటారును తయారుచేసిరి. అప్పటికే పి.ఎస్.జి. వారి పారిశ్రామిక విద్యాలయము 1926నుండి యంత్రవిద్య నేర్పుచుండెను. కొలుములు, లేతులు, పోతపని కార్ఖానాలు వీధివీధిన వెలసినవి. దేశములో ఏ మూల బావికి పోయినను కోయంబత్తూరు పంపు కనబడు రోజు వచ్చినది. ఆ చరిత్రలో తెలుగువారి పాలు చెప్పుకొని గర్వించుటకు మనకు హక్కున్నది. సంఘపు సభలలో చెప్పుకొనుచునే యున్నాము. ఇక చెప్పుకొననిది చెప్పవలసి యున్నది.

నేలమీద పెట్టిన పంపు నీటిని పీల్చునపుడు నిజమునకు నీటిని పైకి నెట్టునది వాయువు ఒత్తిడి. ఆ ఒత్తిడి ఎంత మంచి పంపు ఉన్నను 10 మీటర్ల పైచిలుకు లోతునుండి మించి నీటిని ఎత్తజాలదు. ఆచరణలో 6, 7 మీటర్లే. ప్రకృతి పెట్టిన గీత యది. నీటిమట్టము ఆ గీత దాటినపుడు మనవారు బావి లోపల గోడకు మెట్టు కట్టి మోటారును దానిపైకి దింపిరి. మరల దాటినది, మరల దింపిరి. వాన వచ్చి మోటారు మునిగినపుడు దానిని పైకి లాగుట యొక పెద్ద పని. తరువాత బావి అడుగుననే బోరు వేసిరి. ఆ తరువాత మోటారే నీటిలో మునిగి పనిచేయు సబ్మెర్సిబుల్ పంపు వచ్చినది. దానికి పీల్చవలసిన పని లేదు, అడుగునుండి నెట్టును. దానితో వాయువు పెట్టిన గీత చెరిగిపోయినది. ఎద్దు అలసట మొదటి గీత, వాయువు ఒత్తిడి రెండవ గీత. మూడవది కరెంటు ధర. దానికిని ఒక కథ యున్నది.

1970లో ఛార్జీల పెంపునకు ఎదురుగా ఈ ప్రాంతపు రైతులు లేచిరి. సి. నారాయణస్వామి నాయుడుగారు వారికి నాయకులైరి. 1972లో ఎడ్లబండ్లు కోయంబత్తూరు వీధులను నింపినవి. ఆ పోరాటములలో ప్రాణములు కూడ పోయినవి. పండిన పంటకు ధర నిర్ణయించు శక్తి లేని రైతు, వాడిన కరెంటుకు మాత్రము ఇతరులు నిర్ణయించిన ధర చెల్లించుట న్యాయమా యని వారడిగిన ప్రశ్నకు అప్పుడు సరియైన జవాబు ఎవరును చెప్పలేదు. ఆ పిమ్మట 1984లో చిన్న రైతులకును, 1990లో రైతులందరికిని కరెంటు ఉచితమైనది. ప్రశ్నకు జవాబు చెప్పుటకంటె బిల్లు ఎత్తివేయుట ప్రభుత్వములకు సులభము. మూడవ గీతయు ఆ విధముగా పోయినది. ఇక తోడువానికిని నేల అడుగునకును నడుమ మిగిలినది ఏమి? ఇంజనీరు చేతిలోని కొలతబద్ద యొక్కటే. అది ఎవరిని ఆపజాలదు, చెప్పగలదు. చెప్పవలెనా యనునదే ప్రశ్న.

మేము చూచిన యొక సంగతి వ్రాయుదుము. నగరమునకు తూర్పున ఒక పల్లెలో మన పెద్దాయన యొకరికి కొబ్బరితోట యున్నది. వేసవిలో నీరు చాలక, పాత 5 అశ్వశక్తి మోటారు తీసి పెద్దది వేయవలెనని తలచి, వ్యవసాయ ఇంజనీరింగు చదివిన మన కుఱ్ఱవాని నొకనిని పిలిపించెను. మేమును వెంట పోయితిమి. ఆ కుఱ్ఱవాడు మొదట మోటారును చూడలేదు. బరువు కట్టిన టేపు బావిలోనికి వదలి నీటిమట్టము కొలిచెను. తొట్టి నిండుటకు పట్టిన కాలమును గడియారముతో చూచెను. గొట్టమును తట్టి, వంపులను లెక్కించి, ఫుట్ వాల్వు ఎన్నడు మార్చితిరని యడిగెను. పిదప నీడన కూర్చుండి లెక్క వేసెను.

లెక్క సులభమైనదే. 100 అడుగుల ఎత్తునకు 5 అశ్వశక్తి మోటారు, పంపును గొట్టమును సరిగా నుండి నూటికి 40 పాళ్ల సామర్థ్యముతో పనిచేసినచో, క్షణమునకు సుమారు 5 లీటర్లు, అనగా గంటకు 18,000 లీటర్లు పోయవలెను. ఎకరమునకు ఒక అంగుళము తడి పెట్టుటకు సుమారు 1,02,800 లీటర్లు కావలెను. 6 గంటల పని. పెద్దాయన పంపు పోయుచుండినది అందులో సగము. కారణమేమనగా, నూటికి 20 పాళ్లు మాత్రమే పనిగా మారుచున్నది, తక్కినది వేడియు రాపిడియు చప్పుడును. గొట్టము సన్నమైనకొలది ఆ నష్టము మిక్కిలి వేగముగా పెరుగును. అంతే నీటిని సగము వ్యాసముగల గొట్టములో నెట్టినచో రాపిడి రెండింతలు కాదు, సుమారు 32 రెట్లగును. కుఱ్ఱవాడు “మామా, మోటారు మార్చవద్దు. గొట్టము మార్చండి, ఈ రెండు వంపులూ తీసేయండి, వాల్వు కొత్తది వేయండి” అని చెప్పెను. పెద్దాయన ముఖము వెలిగినది. పెద్ద మోటారు కొనిపించి కమీషను పుచ్చుకొనక, తన ఖర్చు తగ్గించిన ఇంజనీరు దొరికెనని ఆయన సంతోషము. వ్యవసాయ ఇంజనీరు పనియేమని ఎవరైన అడిగినచో ఇంతవరకు జరిగిన దానిని చూపవచ్చును. దీనిలో ధర్మసందేహము లేదు.

అటుపిమ్మట ఆ కుఱ్ఱవాడు ఎవరును అడుగని పని యొకటి చేసెను. గట్టు దాటి పక్క చేనికి పోయి, అచ్చటి బావిలో టేపు వదలెను. ఆ చేను రెండెకరములు. తమిళము మాటలాడు ఒక వితంతువుది. పెద్దాయనయు ఆమెను అక్కా యనియే పిలుచును. ఆ మాట రెండు భాషలలోను ఒక్కటే. మన పెద్దాయన పంపు ఆగియున్నప్పుడును, నాలుగు గంటలు నడచిన పిమ్మటను రెండు మారులు అక్కడ కొలిచి, తేడాను కాగితముమీద వ్రాసి తెచ్చి చూపెను. నేల అడుగున పంపు లాగునపుడు నీటిమట్టము బావిచుట్టు గరాటువలె క్రుంగును. మన ప్రాంతపు గట్టి రాతిలో నీరు పగుళ్ల వెంటనే నడచును. ఏ పగులు ఎవరి బావికి కలిసియున్నదో పైనుండి కనబడదు గాని కొలిచినచో తెలియును. “మామా, మీరు తోడేది మీ బావి నీళ్లే కాదు” అని వాడనెను.

పెద్దాయన కొంతసేపు ఊరకుండి, “నా నేల కింద ఉండే నీళ్లు నావి కాకపోతే ఎవరివి నాయనా?” అని యడిగెను.

ఈ ప్రశ్నలో తప్పు పట్టువారు తొందరపడుచున్నారని మా అభిప్రాయము. ఏలయన, చట్టము ఆయన పక్షముననే యున్నది. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టము, నిర్దిష్టమైన కాలువగా పారక నేల అడుగున నుండు నీటిని తన హద్దులలో తీసికొనుట భూస్వామి హక్కని చెప్పినది. నీరు రాతిలో ఎట్లు నడచునో కొలుచు విద్య బాల్యముననున్న నాటి మాట యది. నేల అడుగు కానరాదు గనుక, కానరానిదానికి హద్దు గీయుటకంటె పైనున్న హద్దునే పాతాళమువరకు దింపుట న్యాయవాదులకు సులభముగా తోచియుండును. కానరాని దానిని నేడు కొలిచి చూపువాడు వచ్చినాడు. చట్టము మాత్రము అచ్చటనే యున్నది. తమిళనాడు శాసనసభ 2003లో భూగర్భజలములపై ఒక చట్టము చేసినది. అది అమలునకు రాకుండనే 2013లో రద్దయినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో నీరు, భూమి, చెట్ల చట్టము వచ్చినది. బావులు నమోదు చేయవలెనని, బావికి బావికి నడుమ దూరముండవలెనని అది చెప్పినది. చట్టము పుస్తకములో నుండుటకును, అర్ధరాత్రి బోరు లారీ ఊరిలోనికి వచ్చినపుడు ఎవరైన అడ్డు నిలుచుటకును గల దూరము మన పాఠకులకు మేము చెప్పనక్కరలేదు.

కావున ప్రశ్న ఇంజనీరు మీదికే వచ్చును. వాడు ఎవరివాడు? పిలిచినవానివాడా, పిలువనివానివాడు కూడనా?

ఇంజనీరు వకీలువంటివాడని, కక్షిదారుని మేలు చూచుటయే వాని ధర్మమని కొందరందురు. వినుటకు బాగున్నది. కాని న్యాయస్థానములో ఎదుటివానికిని ఒక వకీలుండును, ఇద్దరి మాటయు విను న్యాయమూర్తి యుండును. అందుచేత వకీలు ఏకపక్షముగా వాదించుట ధర్మమైనది. పొలములో ఎదుటి వకీలెవరు? ఆ రెండెకరముల అక్కకు ఇంజనీరును పిలిపించు స్తోమత లేదు. తన బావి ఎందుకు ఎండినదో ఆమెకు తెలియదు, దైవమును నిందించి ఊరకుండును. ఎదుటి పక్షము లేనిచోట ఏకపక్షముగా పనిచేయుట వకీలు ధర్మము కాజాలదు. వైద్యునితో పోల్చుట కొంత నయము. వైద్యుడు రోగి మేలే చూచును. అయినను రోగము అంటువ్యాధియైనచో ఇరుగుపొరుగువారిని హెచ్చరించుట తన వృత్తిలోని భాగముగానే ఎంచును. బావి ఎండుటయు అంటువ్యాధియే. ఒకడు 300 అడుగులకు దిగినచో పక్కవాడు 500కు దిగును, మొదటివాడు మరల 800కు దిగును. చివరకు అందరును అప్పులలో దిగుదురు.

దీనికి ఒక ఎదురుమాట యున్నది. అది బలమైనది. నెల మొదటి తారీఖున జీతము పుచ్చుకొనువాడు, అప్పు చేసి బోరు వేసిన రైతునకు నిగ్రహము బోధించుట యేమి న్యాయము? కొబ్బరిచెట్టు కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. ఒక్క వేసవి నీరు తప్పినచో ఆ ఏండ్లన్నియు ఎండిపోవును. మిల్లు తోడినది ఎవరు అడిగిరి? నగరమునకు ట్యాంకరులతో పోవు నీటిని ఎవరు కొలిచిరి? ఇంజనీరు టేపు రైతు బావిలోనే ఎందుకు దిగవలెను? ఈ మాటలు పెద్దాయన కొడుకు మాతో కోపముగా అనెను. అతని కోపములో సగము న్యాయమని మేమొప్పుకొనుచున్నాము. టేపు అన్ని బావులలోను దిగవలెను. అది దిగకుండుట అన్యాయము. అయినను మిల్లు అన్యాయము చేయుచున్నదని పక్క చేని అక్క నీటిని మనము తీసికొనుట న్యాయమగునా? ఆమె మిల్లునకు యజమానురాలు కాదు గదా.

మరియొక సంగతి. నూతన పరికరము వచ్చినచో ధర్మసందేహము దానంతటదే తీరునని అనుకొనువారు చాలమంది యున్నారు. ఇంజనీర్లలోనే ఎక్కువమంది. బిందుసేద్యమును చూడుడు. చెట్టు మొదటనే చుక్కచుక్కగా నీరు వదలుట ఎంత చక్కని ఆలోచన! ప్రభుత్వము రాయితీ యిచ్చుచున్నది, గొట్టములు వచ్చుచున్నవి. మిగిలిన నీటితో రైతు ఏమి చేయును? ఇంకొక ఎకరము వేయును. ఎవరైనను అదే చేయుదురు. పూర్వము కాలువలో ఇంకి మరల నేల అడుగునకు చేరుచుండిన నీరు కూడ ఇప్పుడు ఆకులగుండ ఆవిరియై పోవును. చేనులో నీటి పొదుపు జరిగినది, పంటయు పెరిగినది. నేల అడుగున మాత్రము మట్టము దిగినది. పరికరము మంచిదే. ఎంత నేలకు వాడవలెనను లెక్క దానిలో లేదు. ఆ లెక్కను ఎవరో కూర్చుండి వేయవలెను.

అట్లు వేసినవారు ఉన్నారు. 2000 తరువాతి దశాబ్దమున ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల పల్లెలలో రైతులే వానమాపకములు పెట్టుకొని, పదునైదు దినముల కొకసారి తమ బోర్లలో మట్టము కొలిచి, ఆ అంకెలను ఊరి నడుమ బోర్డుమీద వ్రాసిరి. వానకాలము ముగియగానే అందరును కూర్చుండి, ఊరి అడుగున ఎంత నీరు చేరినది, ఏ పంట ఎన్ని ఎకరములు వేసినచో ఎంత కావలెనని లెక్కలు చూచుకొనిరి. వరి వేయకూడదని ఎవరును ఎవరిని శాసించలేదు. అంకె అందరి యెదుట ఉండెను, అంతే. తెలిసి వేయుట వేరు, తెలియక వేయుట వేరు. ఇంజనీరు ధర్మమునకు మేము చూచిన దారులలో ఇది సరియైనదని తోచుచున్నది. వాడు తీర్పరి కానక్కరలేదు. కొలిచిన దానిని పిలిచినవాని చెవిలో మాత్రమే చెప్పక, దానివలన నష్టపడువాడు కూడ వినునట్లు చెప్పిన చాలును. చెప్పినపిమ్మట మరల పిలుపు రాకపోవచ్చును. ఆ నష్టము వాడు భరింపవలసినదే.

నీటి సంగతి కంటికి కనబడదు గనుక కొందరికి ఇది మాటల పోగుగా తోచవచ్చును. కంటికి కనబడునది యొకటి చెప్పుదుము. ధాన్యపు కంకులు దులుపు నూర్పిడి యంత్రము పల్లెలకు వచ్చిన మొదటి దశాబ్దములలో ఎందరో కూలీల చేతులు అందులో పోయినవి. పైరు కట్టను నెట్టుచున్న చేయి కట్టతోబాటు లోపలికి పోవును. దానిని తప్పించుటకు గొప్ప శాస్త్రమేమియు అక్కరలేదు. పైరును అందించు తొట్టి కొంత పొడవుగా నుండి, లోపలి భాగమున పైన రేకు కప్పు ఉన్నచో చేయి పళ్లదాక చేరదు. అయితే ఆ రేకునకు కొంత ఖర్చగును. యంత్రమును కొనువాడొకడు, అందులో చేయి పెట్టువాడు మరియొకడు. కొనువాడు రేకు అడుగలేదు. చేయి పెట్టువానిని ఎవరును అడుగలేదు. తుదకు 1983లో ప్రమాదకర యంత్రముల క్రమబద్ధీకరణ చట్టము తేవలసి వచ్చినది. చట్టము వచ్చుటకు ముందే ఆ రేకును గీతలో చేర్చిన ఇంజనీరు ఎవడైన నుండినచో, వాని పేరు మనకు తెలియదు. వాని వలన నిలిచిన చేతులు ఎవరివో వారికిని తెలియదు.

కలుపు తీయు పరికరముల పిడి మగవాని ఎత్తునకు చేయుటయు ఇట్టిదే. కలుపు తీయువారు స్త్రీలు. పిడి కొలతలు తీసినపుడు వారిని నిలువబెట్టి కొలువవలెనని తోచుటకు చాల ఏండ్లు పట్టినది. నాట్లు వేయు యంత్రము కూలి పోగొట్టుననుట కూడ నిజమే. కాని ఒంటిని వంచి బురదలో దినమంత నాటినవారి నడుము నొప్పి తెలియని మనవంటి వారు ఆ పని నిలువవలెనని కోరుట విచిత్రమే. ఆ వాదము పెద్దది, వేరొక వ్యాసమునకు వదలుదము.

మరల ఆ పెద్దాయన సంగతి. “నా నేల కింద నీళ్లు ఎవరివి?” అన్న దానికి మన కుఱ్ఱవాడు చట్టము చెప్పలేదు, ధర్మశాస్త్రము చెప్పలేదు. కాగితము చేతికిచ్చి, “నాకు తెలీదు మామా. ఎంత దిగిందో మాత్రం తెలుసు” అనెను. పెద్దాయన గొట్టము మార్పించెను, వంపులు తీయించెను. పాత మోటారే ఇప్పుడు మునుపటికంటె ఎక్కువ నీరు పోయుచున్నది. ఎక్కువ పోయుచున్నది గనుక పక్క బావికి మేలు జరిగెనా, కీడు జరిగెనా యని మేమడిగినపుడు కుఱ్ఱవాడు, “ఎన్ని గంటలు వేస్తారో దాన్ని బట్టి” యని నేల చూపులు చూచెను. తన మరమ్మతుతోనే ఆ బావి త్వరగా ఎండవచ్చునని వానికి తెలియును. ఆనాటి కూలి సొమ్మును వాడు మొదట పుచ్చుకొనలేదు. పెద్దాయన కోపపడగా పుచ్చుకొనెను.

మరుసటి వేసవిలో ఆ దారిన పోవుచు మేము తోటలో ఆగితిమి. పెద్దాయన కొడుకు బోరు లారీని పిలువవలెనని ఇంకను పట్టుబట్టుచునే యుండెను. మోటారు గది గోడమీద బొగ్గుతో రెండు వరుసలుగా అంకెలు వ్రాయబడి యుండినవి. ఒకటి ఆయన బావిది, రెండవది పక్క చేనిది. రెండవ వరుసలో కొన్ని వారములు ఖాళీగా నుండెను. అదేమని యడిగితిమి.

“ఆ వారాల్లో అక్క ఊళ్లో లేదు. ఆమె లేకుండా బావిలో టేపు వదలడం బాగుండదు గదా,” అని ఆయన చెప్పి, మోటారు ఆపుటకు గదిలోనికి పోయెను.